ఆపద్ధనముగా వెండి

ధనత్రయోదశికొక వెండి నాణెము, చేతిలో నాలుగు రూపాయలు మిగిలిననాడొక చిన్న కడ్డీ కొని పెట్టెలో దాచుకొను అలవాటు మన యిండ్లలో నేటికిని కలదు. ఎందులకని యడిగినచో, చూచుటకు ముచ్చట, ఆపదకు ఆదరువు అని గృహిణులు చెప్పుదురు. రెండును నిజమే. అయినను ముచ్చటపడి కొన్నది ఆపదవేళ నిజముగా అక్కరకు రావలెనన్న, కొన్ని సంగతులు ముందుగా నెరిగియుండవలయును. వానిని సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మొదట ముచ్చట మాట. మన పెద్దలు దాచిన పాత రూపాయలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క కథ కలదు. 1911లో వెలువడిన జార్జి చక్రవర్తి రూపాయపై, ఆయన వస్త్రమున చెక్కిన చిన్న యేనుగు తొండము పొట్టిదై పందివలె కానవచ్చెను. జనులు అలజడి చెందగా ప్రభుత్వమువారు ఆ రూపాయలను మరలించి, ఏనుగును స్పష్టముగా దిద్ది 1912లో తిరిగి ముద్రించిరి. నైజాము రాజ్యపు హాలీ రూపాయలలో చార్మినారు బొమ్మ గలవానిపై, నడిమి ద్వారమున ప్రభువు పేరిలోని మొదటి యక్షర ముండును. ఇట్టివానిని బిందెలను తోమినట్లు చింతపండుతో తోమరాదు. గాలిలోని గంధకము సోకి వెండిపై నలుపు గట్టును. తోమినచో నలుపుతోపాటు చెక్కడపు గీతలును అరిగి, నాణెములు సేకరించువారిచ్చు వెల తగ్గిపోవును. మెత్తని పొడిగుడ్డలో చుట్టి, తేమకును రబ్బరునకును దూరముగా నుంచిన చాలును.

ఇక లోహము మాట. పాత రూపాయ తూకము ఒక తులము, అనగా 11.66 గ్రాములు. అందు పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి. లెక్కకు సుమారు 10.7 గ్రాములు. 1940లో ఈ పాలు తగ్గి సగమయ్యెను. 1947 నాటి రూపాయ వెండి కాదు, నికెలు. బజారులో మూడును పదునారణాలకే చెల్లినను, నేడు షరాబు త్రాసులో వాని విలువలు వేరు. కావున నాణెముపై సంవత్సరమును చదువుట నేర్వవలయును. నికెలు రూపాయను అయస్కాంతము పట్టుకొనును; వెండిని పట్టదు.

1940లో ఫ్రాన్సు దేశము జర్మనీకి లొంగినప్పుడు, ఇచ్చటి ప్రజలు భయపడి నోట్లనిచ్చి వెండి రూపాయలు తెచ్చి దాచిరి. అవసరమునకు మించి నాణెములు కూడబెట్టరాదని ప్రభుత్వమువారు ఆ జూను నెలలోనే శాసించిరి. పిదప 1941 మొదలు 1943 వరకు పాత వెండి రూపాయల చెల్లుబాటును ఒక్కొక్క రాజు పేరిట తొలగించిరి. ముద్రకు విలువ పోయెను గాని లోహమునకు పోలేదు. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి అయిదువందల, వేయి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు, పోపులడబ్బాలో దాచిన సొమ్ము చేతబట్టుకొని ఎందరు గృహిణులు బ్యాంకుల ముందు నిలిచిరో మన మెరుగుదుము. కాగితమునకు ముద్రయే ప్రాణము; వెండికి ముద్ర అలంకారము మాత్రమే.

అట్లని వెండి యుండిన ఆకలి యుండదని భ్రమపడరాదు. 1876–78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప సీమలను పీడించినప్పుడు, జనులు కూటికొరకు ఒంటిమీది నగలు అమ్ముకొనిరి. ఆడువారి వెండినగలు రాసులుగా బొంబాయి టంకశాలకు చేరి రూపాయలుగా మారినవి. అందరును ఒక్కసారి అమ్మజూచిననాడు కొనువాడు చెప్పినదే ధర. గింజ లేని యూర వెండి కూడు కాజాలదు. మరియు దాని ధర నిలుకడ గలది కాదు. 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్లకు సమీపించిన వెండి, మార్చి నెలాఖరునకు 11 డాలర్లకు దిగజారెను. కావున ఇంట మొదట కొన్ని నెలలకు చాలు గింజలు, పిదప చేతిరొక్కమును బ్యాంకు నిల్వయు, ఆ పిదపనే వెండి.

కొనునప్పుడు చిన్నవిగా కొనుటయే మేలు. కిలో కడ్డీకి తూకమునుబట్టి మజూరి తక్కువ పడునన్నది నిజమే. కాని ఒక బస్తా బియ్యము కావలసిననాడు దానిని కోయించుట యెట్లు? పది గ్రాముల నాణెములైనచో అవసరమునకు తగినన్ని మాత్రమే ఈయవచ్చును. శుద్ధిని తెలుపు 999 అను అంకెయు, హాల్‌మార్కు గుర్తును, అంగడివాని రసీదును ఉండవలయును. పట్టీలు, కడియములు మారకమునకు మిక్కిలి నష్టకరములు. మజూరి తిరిగి రాదు, అతుకులకు తరుగు తీయుదురు. మావంటి బడిపంతుళ్ల యిండ్లలో నెలజీతమే ఆధారము గనుక, ఏటికొకటి రెండు నాణెములైనను చాలును.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఈ వెండి యెవరిదన్న మాట. క్షామమున, ధర్మకార్యమున, వ్యాధియందు, నిర్బంధమునందు భర్త గైకొన్న స్త్రీధనమును తిరిగి ఈయనక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. తక్కిన వేళల గైకొన్నది ఈయవలసినదే యని దాని వలన తేలుచున్నది. స్త్రీధనము భార్య సొంత ఆస్తియనియు, అది భర్తవద్దగాని అత్తవారివద్దగాని యున్నను వారు దానికి ధర్మకర్తలు మాత్రమేయనియు 1985లో సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పిరి. ఇంత హక్కుండియు, తమ పెట్టెలో ఎన్ని తులముల వెండి యున్నదో తెలియని గృహిణులు అనేకులు. పిల్ల వివాహమునకో పొలము కొనుటకో పెట్టె తెరచిననాడు, ఏది పుట్టింటిదో ఏది మెట్టినింటిదో చెప్పలేక మౌనము వహింతురు.

కావున సోదరీమణులు ఒక చిన్న పుస్తకమున తమ వెండినంతయు వ్రాసియుంచవలయునని మా మనవి: వస్తువు, తూకము, ముద్రపైని సంవత్సరము, ఎవరిచ్చిరి, ఎన్నడు. రసీదులను అందే పెట్టి, ఆ పుస్తకమెచ్చట నున్నదో ఎదిగిన కుమార్తెకు తెలుపవలయును.