కుట్టులో గుట్టు

చిగుళ్ల ఆపరేషన్‌లో ఏ దారం వాడాలన్నది డాక్టర్ నిర్ణయం. కానీ ఆ దారం తీయించుకోవడానికి రోగి మళ్లీ రాగలడా అన్నది అతడి కూలికి సంబంధించిన ప్రశ్న.

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రహదారి మీద సిల్తారా వచ్చిందని తెలియడానికి బోర్డు చూడనక్కర్లేదు. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల పొగ, ఆకుల మీద పేరుకున్న నల్లటి దుమ్ము ఆ సంగతి చెప్పేస్తాయి. ఇక్కడ షిఫ్టుల్లో పనిచేసే కార్మికుడికి పన్ను కదలడం పెద్ద జబ్బులా అనిపించదు. అసలు చిక్కు అక్కడే.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2012లో గుట్కాను నిషేధించింది. అయినా 2016-17లో జరిగిన జాతీయ సర్వేలో ఆ రాష్ట్రంలోని పెద్దల్లో 39.1 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. పొగాకు చిగుళ్లకు నేరుగా చేటు చేస్తుంది. పైగా పొగ తాగేవారికి చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా కారుతుంది కాబట్టి ముందస్తు హెచ్చరిక కూడా అందదు. పన్ను కదిలాక డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి దాన్ని పట్టి ఉంచే ఎముక కొంత కరిగిపోయి ఉంటుంది.

గార తీయించినా పంటికీ చిగురుకీ మధ్య లోతైన సందులు మిగిలితే ఫ్లాప్ సర్జరీ చేస్తారు. చిగురును మూతలా తెరిచి, వేరు మీద పేరుకున్న గారను కళ్లతో చూస్తూ శుభ్రం చేసి, మళ్లీ దాని చోట అమర్చి కుడతారు. గాయం తనంతట తాను అతుక్కునే దాకా, అంటే మొదటి వారం పది రోజులు, చిగురును కదలకుండా పట్టి ఉంచాల్సింది ఆ కుట్లే.

దీనికి దశాబ్దాలుగా ఎక్కువగా వాడుతున్నది నల్లటి పట్టుదారం. ధర తక్కువ, మెత్తగా ఉంటుంది, ముడి జారదు. కానీ అది అల్లిన దారం. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు లాలాజలాన్ని, దానితోపాటు సూక్ష్మక్రిములను గాయంలోకి లాగుతుంది. అందుకే 7 నుంచి 10 రోజుల్లో తీసేయాలి. రాయ్‌పూర్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. సిల్తారాకు అదేమంత దూరం కాదు. కానీ రోజుకూలీ మీద బతికేవాడికి ఆ ప్రయాణమంటే ఒక పూట కూలి. నొప్పి తగ్గాక ఎవరు పోగొట్టుకుంటారు? అలా వదిలేసిన కుట్టు చుట్టూ చిగురు వాచి, చీము పట్టవచ్చు.

మరి కరిగిపోయే దారం వాడితే? గొర్రె లేదా పశువుల పేగుల నుంచి తీసే క్యాట్‌గట్ పాత పద్ధతి. అది నోట్లో ఎన్నాళ్లు నిలుస్తుందో కచ్చితంగా చెప్పలేం. కృత్రిమంగా తయారైన వైక్రిల్ రెండు వారాల తర్వాత కూడా 75 శాతం బలంతో ఉంటుంది. పూర్తిగా కరగడానికి 56 నుంచి 70 రోజులు పడుతుంది. చిగురుకు అంత కాలం అవసరం లేదు. త్వరగా కరిగే వైక్రిల్ ర్యాపిడ్ అయితే 5 రోజుల్లో సగం బలం, రెండు వారాల్లోపు పూర్తి బలం కోల్పోతుంది. తిరిగి రావడం అనుమానమైన రోగికి ఇది నయం. నైలాన్ వంటి ఒంటిపోగు దారాలకు క్రిములు తక్కువగా అంటుకుంటాయి. కానీ వాటి కొసలు బుగ్గకు గుచ్చుకుంటాయి, తీయించుకోవడమూ తప్పదు.

కుట్టే తీరులోనూ లెక్కలున్నాయి. విడివిడిగా వేసిన కుట్లలో ఒకటి తెగినా మిగతావి కాపాడతాయి. పళ్ల చుట్టూ తిప్పుతూ ఒకే దారంతో వేసే వరస కుట్టు త్వరగా పూర్తవుతుంది. కానీ ఒక్కచోట తెగితే మొత్తం వదులవుతుంది. దారం సైజులో సున్నాల సంఖ్య పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. చిగుళ్లకు 4-0, 5-0 సైజులు ఎక్కువగా వాడతారు. 4-0 దారం మందం మిల్లీమీటరులో ఐదో వంతుకు మించదు. గట్టిగా బిగిస్తే బాగా అతుకుతుందనుకోవడం పొరపాటు. చిగురు తెల్లబడిందంటే రక్తం అందడం లేదని అర్థం. సూదిని గాయం అంచుకు మరీ దూరంగానూ, మరీ దగ్గరగానూ గుచ్చకూడదని సుశ్రుత సంహిత ఏనాడో చెప్పింది.

ఆపరేషన్ అయ్యాక బాధ్యత రోగిది. డాక్టర్ చెప్పేదాకా ఆ చోట బ్రష్ చేయకూడదు. ఆయన రాసిచ్చిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌తో పుక్కిలించాలి. ఖైనీ, బీడీ జోలికి పోకూడదు. పొగాకు ఎంత మంచి కుట్టునైనా వృథా చేస్తుంది.

అన్నిటికన్నా ముందు, కుర్చీలోంచి లేవక ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘‘ఏ దారం వేశారు, ఎప్పుడు తీయాలి?’’ జవాబును చీటీ మీద రాయించుకుంటే, సొంతూరు వెళ్లినా అక్కడి దంత వైద్యుడు కుట్లు తీసేయగలడు. అది నిమిషాల పని. ఎప్పుడు తిరిగి రాగలవని డాక్టరు కూడా ఆపరేషన్‌కు ముందే అడగాలి. ఏ దారం ఎంచుకోవాలో తేల్చడానికి ఎక్స్‌రే ఎంత ముఖ్యమో రోగి షిఫ్టు వేళలూ అంతే ముఖ్యం.