మంచు చిరుత ఊళ్లో అతిథులు

లడఖ్ పల్లెల్లో గొర్రెలను, మేకలను రాత్రిపూట తోలే దొడ్లకు రాతిగోడలే తప్ప, చాలావాటికి పైకప్పు ఉండేది కాదు. చలికాలపు రాత్రి మంచు చిరుత గోడ దూకి లోపల పడితే, పారిపోయే దారి లేక జీవాలు బెదిరి అటూ ఇటూ పరుగులు పెడతాయి. ఆ కదలిక ఆగేవరకు చిరుత చంపుతూనే ఉంటుంది. దాని ఆకలికి ఒక్క గొర్రె చాలు. అయినా తెల్లవారేసరికి పదులకొద్దీ కళేబరాలు మిగిలేవి. ఏళ్ల తరబడి పెంచుకున్న మంద ఒక్క రాత్రిలో పోతే ఏ కుటుంబం ఊరుకుంటుంది? దొడ్డిలో చిక్కిన చిరుతను ఊరివారు రాళ్లతో కొట్టి చంపిన సందర్భాలున్నాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ మృగానికి మొదటి షెడ్యూలులో స్థానమిచ్చింది. 1981లో సింధునదికి ఆవలి కొండల్లో హెమిస్ జాతీయోద్యానం ఏర్పడింది. రుంబక్ వంటి పల్లెలు దాని హద్దుల లోపలే ఉన్నాయి. చిరుతను చంపరాదని చట్టం చెప్పింది గాని, చచ్చిన గొర్రెల మాట ఎవరు చూడాలి? నష్టపరిహారం ఆలస్యంగా అందేది. అందినా పోయిన జీవాల విలువకు చాలేది కాదు.

నేపాల్‌లో 1980ల తొలినాళ్లలో మంచు చిరుతల మెడకు రేడియో పట్టీలు కట్టి పరిశోధించిన రాడ్నీ జాక్సన్, లడఖ్ వాసి రించెన్ వాంగ్‌చుక్ ఈ చిక్కును గ్రామస్థుల ముందే పెట్టి, పరిష్కారం వారితో కలిసే వెతికారు. మొదటి మార్గం అతి సామాన్యమైనది: దొడ్డిపై దూలాలు వేసి ఇనుప జాలీ పరచడం, తలుపు గట్టిగా బిగించడం. సామగ్రి సంస్థ ఇచ్చింది; రాయి, శ్రమ ఊరివారివి. పర్యాటకం గురించి వ్రాసేవారు సాధారణంగా ఈ జాలీని మరచిపోతారు. నా దృష్టిలో మొదటి గౌరవం దానికే దక్కాలి.

రెండవది హోమ్‌స్టే. అంతకుముందు మార్ఖా లోయలో నడకకు వచ్చే యాత్రికులు గుడారాలు, తిండి, వంటవాళ్లతో సహా లేహ్ నుంచే వచ్చేవారు. సొమ్ము లేహ్‌లోని ఏజెన్సీలకు చేరేది. పల్లెకు మిగిలేది చెత్త, సామాను మోసే గుర్రాలు మేసేసిన పచ్చిక. 2000 దశకం తొలి సంవత్సరాలలో రుంబక్, పరిసర గ్రామాల్లో కొన్ని కుటుంబాలు తమ ఇంట ఒక గదిని అతిథులకు కేటాయించాయి. పోటీ రాకుండా ఇళ్లకు వంతులు పెట్టుకున్నారు. రాబడిలో సుమారు పదవ వంతు గ్రామ సంరక్షణ నిధికి చేరుతుంది.

అతిథికి ప్రత్యేక భోజనం ఉండదు. ఇంటివారు తినే థుక్పా, పిండిముద్దలు కూరగాయలతో ఉడికించిన స్క్యూ, ఉప్పు వేసిన వెన్న తేనీరు అతనికీ వడ్డిస్తారు. మరుగుదొడ్డిలో నీరు వాడరు. మట్టి చల్లితే చాలు. అదే మరుసటి ఏడు బార్లీ పొలానికి ఎరువు. ఈ ఏర్పాటును నడిపేది ఎక్కువగా ఇల్లాళ్లే. డబ్బు వారి చేతికి వస్తుంది. చిరుత పట్ల ఇంట్లో మాట మారడానికి అదొక ముఖ్య కారణం. జనవరి నుంచి మార్చి వరకు, నీలిగొర్రెలుగా పేరున్న భరల్‌లు లోయల్లోకి దిగితే వాటి వెంట చిరుతలూ దిగుతాయి. గడ్డకట్టే ఆ చలిలో వాటిని చూడాలని దేశదేశాల వారు వస్తున్నారు. గొర్రెల కాపరి చూపే వారికి దుర్భిణి.

2019-23 మధ్య జరిగిన గణనలో దేశం మొత్తం మీద 718 మంచు చిరుతలున్నట్లు అంచనా వేశారు. అందులో 477 లడఖ్‌లోనే.

అయితే ఈ ఆదాయానికి నిలకడ లేదు. దారికి దూరంగా ఉన్న పల్లెలకు అతిథులు రారు. 2020లో కరోనా కారణంగా రాకపోకలు దాదాపుగా ఆగిపోయాయి. ఇక లేహ్ పట్టణం సంగతి వేరు. 1974లో లడఖ్ తలుపులు తెరిచినప్పుడు వచ్చిన పర్యాటకులు కొన్ని వందల మంది. 2022లో అయిదు లక్షలు దాటారు. 2011 లెక్కల ప్రకారం అక్కడి జనాభాయే 2.74 లక్షలు! ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వర్షం పడే ఆ ఎడారిలో హోటళ్ల స్నానాల గదులకు నీరు బోరుబావుల నుంచే తోడాలి.

మన సోదర ఉద్యోగులు ఎల్.టి.సి. మీద లేహ్ వెళ్లినప్పుడు అయిదు రోజుల్లో పాంగాంగ్, నుబ్రా చుట్టి వస్తుంటారు. అందులో రెండు రాత్రులు ఒక పల్లె ఇంట గడిపి చూడండి. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది, పల్లెలు ఇంకా పైన. కనుక విమానం దిగాక కనీసం రెండు రోజుల విశ్రాంతి తప్పనిసరి. గుండె, శ్వాస సంబంధమైన జబ్బులున్నవారు, చంటిపిల్లల తల్లులు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. ఆవకాయ సీసా తీసుకువెళ్లడంలో తప్పులేదు. ఆ ఇంటి ఇల్లాలికి కాస్త రుచి చూపించి, ఖాళీ సీసాను మాత్రం వెంట తెచ్చుకోండి.