ఊరికి ఇరవై ఇళ్లు, చేతిలో ఒక్క కాగితం

2022లో గ్రామీణ భారతంలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో 98.4 శాతం మంది పేర్లు ఏదో ఒక బడి రిజిస్టర్‌లో ఉన్నాయి. అదే ఏడాది మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తమ్మీద 20.5 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో 10.3, తెలంగాణలో 5.2. అంటే తెలంగాణ పల్లెల్లో నూటికి ఐదుగురు. 2018లో ఈ రెండు రాష్ట్రాల అంకెలు వరుసగా 22.6, 18.1 ఉండేవి. కరోనాకు బడులు మూతపడిన కాలం పిల్లల దగ్గర్నుంచి ఏం లాగేసుకుందో ఇంతకంటే సూటిగా చెప్పే లెక్క నాకు కనిపించలేదు.

ఈ లెక్క ‘అసర్’ సర్వేది. 2005లో ప్రథమ్ సంస్థ మొదలుపెట్టింది. ఊళ్లు తిరిగి వివరాలు తెచ్చేవాళ్లలో ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే డైట్‌ల, డిగ్రీ కాలేజీల విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉంటారు. 2022లో 616 జిల్లాల్లో 19,060 గ్రామాలకు వెళ్లి, దాదాపు 7 లక్షల మంది పిల్లల వివరాలు సేకరించారు.

జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్లు. సర్వేకు వెళ్లిన ఇద్దరు కలిసి ముందు ఊరంతా నడిచి పటం గీస్తారు. దాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఐదేసి ఇళ్లు ఎంచుకుంటారు. పిల్లవాడి ముందు ఒక కాగితం పెడతారు. మొదట ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా. చదివితే రెండో తరగతి కథ. తడబడితే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం దగ్గర్నుంచి తీసివేత, భాగహారం దాకా అడుగుతారు.

ఇదంతా ఇంటి దగ్గరే ఎందుకు? బడిలో పరీక్ష పెడితే ఆ రోజు రానివాళ్లు, ఎప్పుడో మానేసినవాళ్లు లెక్కలోంచి జారిపోతారు. చదువు అందనిది ముందుగా వాళ్లకే. ఇంకో మేలూ ఉంది. రోజూ బడికి వెళ్తున్న బిడ్డ ఎక్కడ ఆగిపోయిందో తల్లి పక్కనే ఉండి కళ్లారా చూస్తుంది. రేపు టీచరు కాబోయే డైట్ విద్యార్థీ చూస్తాడు.

2020 జాతీయ విద్యావిధానం పిల్లలకు చదవడం, లెక్కలు రావడమే అన్నిటికంటే ముందు అంది. మరుసటి ఏడాది అదే లక్ష్యంతో నిపుణ్ భారత్ కార్యక్రమం వచ్చింది. 2024 అసర్‌లో ప్రభుత్వ బడుల మూడో తరగతి అంకె 2022 నాటి 16.3 నుంచి 23.4కు పెరిగింది. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారు. ఇది చిన్న లోటు కాదు.

అసర్ రాష్ట్రం సంగతీ, జిల్లా సంగతీ చెబుతుంది. మీ ఊరి సంగతి చెప్పదు. ఆ పని చదువులో భాగంగా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేసే డిగ్రీ విద్యార్థులు చేయొచ్చు. ఆ లెక్క ముందుగా తెలియాల్సింది బడి యాజమాన్య కమిటీకి. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. మీరు తేల్చిన లెక్కను కాలేజీ ఫైల్లో పెట్టి వదిలేయకండి. ముందు ఆ కమిటీకి చదివి వినిపించండి.