వానాకాలంలో నిద్రపోయే చెట్టు

పిల్లలూ! పొలం నడుమ పెద్ద చెట్టుంటే మన రైతు ఏమంటాడు? "నీడ పడి పైరు ఎదగదు" అంటాడు. అది నిజమే. కాని ఆఫ్రికా ఖండంలో ఒక విచిత్రమైన చెట్టు ఉన్నది. దాని కింద పైరు మరింత ఏపుగా పెరుగుతుంది! ఎలాగో చెబుతాను, వినండి.

ఈ చెట్టు మన తుమ్మకు చుట్టం. నైజర్ దేశంలోని హౌసా రైతులు దీనిని "గావో" అంటారు. తొలకరి పడి లోకమంతా చిగురించే వేళకు ఇది ఆకులు రాల్చి మోడులా నిలబడుతుంది. ఎండలకు తక్కిన చెట్లు మోడులైనప్పుడు ఇది పచ్చగా కళకళలాడుతుంది. దీని వేళ్లు చాలా లోతుకు దిగి నీరు తాగుతాయి. అందుచేత దీనికి ఎండంటే భయంలేదు.

ఇందువల్ల రైతుకు లాభమేమిటి? సజ్జ, జొన్న పెరిగే రోజుల్లో నీడ అడ్డురాదు. రాలిన ఆకు ఎరువవుతుంది. వేరుశనగ మొక్కను పీకితే వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి గదా! అటువంటివే దీని వేళ్లకూ ఉంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తాయి. ఆకుతోపాటు అది నేలకు చేరుతుంది. వేసవిలో పశువులు నీడకు చేరి, కాయలు మేసి, అక్కడే పేడ వేస్తాయి. సెనెగల్ దేశంలో 1960 దశకంలో శాస్త్రజ్ఞులు ఈ చెట్టు కింద పండిన సజ్జలనూ, దూరంగా పండిన సజ్జలనూ వేరువేరుగా తూచి చూశారు. చెట్టు కింది పంటే ఎక్కువ తూగింది.

అయినా నైజర్‌లో ఎన్నో చెట్లు నరికివేతకు గురి అయినాయి. అప్పటి చట్టం ప్రకారం పొలంలోని చెట్టు కూడా సర్కారుదే. తనది కాని చెట్టును ఎవరు పెంచుతారు? చెట్లు పోయాక ఇసుక గాలులు మొలకలను పూడ్చేసేవి. పాపం, రైతు మళ్లీ మళ్లీ విత్తుకోవలసి వచ్చేది. కొత్తగా నాటిన మొక్కలు కూడా చాలావరకు ఎండిపోయాయి.

1983లో మరాడి ప్రాంతంలో పనిచేస్తున్న టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా దేశస్థుడు పొలంలో ఒక పొదను పరీక్షగా చూశాడు. అది పొద కాదు! నరికిన చెట్టు మొదలు నుంచి లేచిన చిగుళ్లు. అంటే నేల కింద వేళ్లు బతికే ఉన్నాయన్నమాట!

కొందరు రైతులు ఆ చిగుళ్లలో బలమైనవి నాలుగైదు ఉంచి, తక్కినవి కోసి, వాటిని కాపాడసాగారు. మొదట ఊరివాళ్లు నవ్వారు. అధికారులు జరిమానాలు మానిన తరువాత నవ్వినవాళ్లూ అదే పని చేశారు. ఇరవై ఏళ్లలో సుమారు 50 లక్షల హెక్టార్లలో గావోలూ, ఇతర చెట్లూ తిరిగి లేచాయి, నాటకుండానే!

మీ గట్టు మీద నరికిన చెట్టు మొదలు చిగురిస్తున్నదా? దానిని పీకేముందు అది ఏ చెట్టో మీ తాతయ్యను అడిగి చూడండి.