పండుగ బేరములును గృహిణియును

ఆశ్వయుజమాసము వచ్చినదనగా మన యిండ్లలో కొనుగోళ్ల ముచ్చట మొదలగును. మన పెద్దల నాడు ఆ ముచ్చట చీరలతోను, పిల్లల గుడ్డలతోను, కలిగినవారి యింట రవ్వంత బంగారముతోను ముగియుచుండెడిది. ఇప్పుడు ఆ పట్టికలో ఫోను, టాబ్లెటు, లాప్‌టాపు అనునవి వచ్చి చేరినవి. చీర కొనునప్పుడు అంచు పట్టి చూతుము, మడత విప్పి వెలుతురున పరికింతుము. బియ్యము కొనునప్పుడు నాలుగు గింజలు నోట వేసికొని పాతవో క్రొత్తవో చెప్పగలము. ఇరువదివేలు, ఏబదివేలు పోసి కొనెడు ఈ యంత్రముల విషయమున మాత్రము “అది మగవారి పని, అది పిల్లలకు తెలియును” అని తొలగిపోవుచున్నాము. పండుగ వెళ్లిన పిమ్మట నెలనెల వాయిదా కట్టవలసివచ్చినప్పుడు పప్పుడబ్బాలోను పాలలెక్కలోను తగ్గించుకొనవలసినది మనమే గదా! కావున ఈ బేరముల లోతుపాతులను గూర్చి నాలుగు మాటలు సోదరీమణులకు విన్నవించుచున్నాను.

ఎవరికి? ఎందులకు?

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అను సామెత ఫోనులకు సరిపోయినట్లు మరి దేనికిని సరిపోదు. క్రొత్త ఫోను కొడుకునకో భర్తకో వచ్చును. వారు విడిచిన పాత ఫోను, అద్దము పగిలినదైనను, ఇల్లాలి చేతికి వచ్చును. “నాకేల క్రొత్తది? ఇది చాలును” అని ఆమెయు అనును. పొదుపు మంచిదే, కాని ఈ యాచారమును గూర్చి కొంచెము యోచింపవలసియున్నది.

నేడు గ్యాసుబండకు కబురు పంపునది ఆమె. బడినుండి పిల్లల సమాచారము వచ్చునది ఆమె ఫోనుకే. కూరగాయలవానికి డబ్బు చెల్లించుటయు, బ్యాంకువారి ఓ.టి.పి. సంఖ్య అందుకొనుటయు ఆ పాత యంత్రముమీదనే జరుగుచున్నవి. ఫోను చేసినవారు దానికి అప్పుడప్పుడు భద్రతా సవరణలు పంపుచుందురు. దొంగలు క్రొత్త క్రొత్త ఎత్తులు కనిపెట్టుచుండగా, ఆ యెత్తులకు విరుగుడుగా వచ్చునవే ఈ సవరణలు. కొన్ని సంవత్సరములకు అవి ఆగిపోవును. సవరణలు ఆగిన ఫోనులో బ్యాంకు లెక్కలు నడపుట గడియ ఊడిన తలుపున్న గదిలో నగల పెట్టె నుంచుట వంటిది.

కావున కొనునప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న, “దీనికి భద్రతా సవరణలు ఏ సంవత్సరము వరకు వచ్చును?” అనునది. గూగులువారు 2023లో పిక్సెల్ 8కును, సాంసంగువారు 2024లో గెలాక్సీ ఎస్ 24కును ఏడేండ్లు సవరణలు పంపుదుమని మాట యిచ్చిరి. తక్కువ వెలగలవానిలో ఈ గడువు చాల తక్కువగా నుండుట కలదు. ఇందు మరియొక మర్మమున్నది. ఈ గడువు మనము కొన్ననాటినుండి కాక, ఆ రకము తొలుత విపణిలోనికి వచ్చిననాటినుండి లెక్కింపబడుట వాడుక. పండుగకు మిక్కిలి తగ్గించి అమ్మునవి తరచుగా రెండేండ్లనాటి రకములు. నాలుగేండ్ల గడువుగల రకమును రెండేండ్ల తరువాత కొన్నచో మనకు మిగులునవి రెండేండ్లే. ధర తగ్గినదని సంతోషించుటకు ముందు ఆయుర్దాయము ఎంత తగ్గినదో కూడ చూడవలెను.

అమ్మాయి చదువునకు ఏది?

కళాశాలలో చేరిన పిల్లకు టాబ్లెటు చాలునా, లాప్‌టాపు కావలెనా అను సందేహము పలువురకు కలుగును. పాఠములు వినుటకు, పుస్తకములు చదువుటకు, చేతితో గీతలు గీసి వ్రాసికొనుటకు టాబ్లెటు చక్కగా పనికివచ్చును. పుటలకొలది వ్యాసములు వ్రాయుటకు, లెక్కల పట్టికలు వేయుటకు, ఇంజనీరింగు విద్యార్థులు ప్రోగ్రాములు వ్రాయుటకు లాప్‌టాపే తగినది. టాబ్లెటునకు కీబోర్డును కలమును వేరుగా కొన్నచో, ఆ మూటిని కలిపి చూచునప్పటికి సామాన్యమైన లాప్‌టాపు వెల అగుటయు కలదు. టాబ్లెట్లలో సిమ్ము వేసికొనదగినవియు, ఇంటిలోని వైఫైతో మాత్రమే పనిచేయునవియు రెండు తెగలున్నవి. రెండవది చౌక, కాని వైఫై లేని వసతిగృహములో పిల్ల చేతి ఫోనుమీద ఆధారపడవలసివచ్చును.

లాప్‌టాపునందు ర్యాము 8 జీబీకి తక్కువ కాకుండ చూడవలెను. నాలుగేండ్ల చదువునకైనచో 16 జీబీ మేలు. ఇప్పటి పలుచని యంత్రములలో ర్యామును లోపలి పలకకే అతికివేయుచున్నారు. తరువాత పెంచుకొందమన్న వీలుపడదు. “తరువాత ర్యాము పెంచవచ్చునా?” అని అడిగియే కొనవలెను. వాడిన లాప్‌టాపును బాగుచేసి అమ్ముచోట్ల మరింత జాగ్రత్త కావలెను. విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంటెల్ ప్రాసెసరులలో సామాన్యముగా ఎనిమిదవ తరమునకు ముందటివి విండోస్ 11కు అర్హములు కావు. పైకి నిగనిగలాడుచున్నను, అట్టి యంత్రమును చదువుకొను పిల్లకు కొనిపెట్టరాదు.

తగ్గింపు ఎంత?

పెట్టెమీద ముద్రించిన ఎం.ఆర్.పి. వేరు, నిన్నటివరకు అంగడిలో పలికిన వెల వేరు. నూటికి నలువది తగ్గించితిమని చాటునప్పుడు ముద్రించిన ధరనుండి లెక్క వేయుదురు. ఆ ధరకు ఆ వస్తువును ఎన్నడును ఎవరును కొనియుండకపోవచ్చును. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్టువారు ‘బిగ్ బిలియన్ డే’ అను గొప్ప అమ్మకము మొదటిసారి సాగించినప్పుడు, వచ్చిన జనసమ్మర్దమునకు వారి వెబ్‌సైటు తట్టుకొనలేకపోయెను. కొన్ని వస్తువుల ధరలు ముందే పెరిగినవని కొనుగోలుదారులు ఆక్షేపించిరి. ఆ సంస్థ స్థాపకులు మరునాడే క్షమాపణ చెప్పుకొనిరి.

దీనికి విరుగుడు మన వంటింటి లెక్కల పుస్తకములోనే యున్నది. కొనదలచిన వస్తువు పేరు, రకము, ర్యాము ఎంత, స్టోరేజి ఎంత అనునవి వ్రాసికొని, పండుగకు నెల ముందునుండి వారమునకొకసారి దాని వెలను దాని ప్రక్కన వ్రాయవలెను. అమ్మకము నాటి వెలను ఆ వరుసలో చేర్చి చూచినచో నిజమైన తగ్గింపు ఎంతో తేటపడును. పెద్ద అక్షరములతో చూపిన వెలలో ఫలానా బ్యాంకు కార్డు తగ్గింపును, పాత ఫోను మార్పిడి తగ్గింపును ముందే కలిపివేయుటయు కలదు. ఆ కార్డు మనకు లేకున్న ఆ వెలయు మనది కాదు. ఛార్జరు పెట్టెలో లేక వేరుగా కొనవలసివచ్చిన, దాని ఖరీదును కూడ కలిపి చూడవలెను.

“అమ్మా, ఈ రాత్రితో సరి, రెండే మిగిలినవి” అని దుకాణదారుడనును, ఫోనులోని అంగడియు గడియారమును తిప్పుచు అదే మాట అనును. ఇట్టి బూటకపు తొందరయు, అడుగకయే ఇన్సూరెన్సు వంటివి బుట్టలో చేర్చుటయు, తొలుత చిన్న వెల చూపి తుదకు రుసుములు పెంచుటయు తప్పని, 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 విధములైన మాయోపాయములను పేర్కొని నిషేధించినది. డబ్బు చెల్లించుటకు ముందు బుట్టలోని పట్టికను పైనుండి క్రిందివరకు ఒకసారి చదువుట మన పని. నిదానమే ప్రధానము.

సున్నవడ్డీ వాయిదాలు

అప్పుచేసి పప్పుకూడు వలదని పెద్దలు చెప్పిరి. ఇప్పటి అప్పు అప్పువలె కనబడదు. “వడ్డీ లేని వాయిదా” అను పేరుతో వచ్చును. సున్నవడ్డీ అనునది నిజమునకు లేదనియు, ఆ వడ్డీని రుసుముల రూపమున దాచుచున్నారనియు రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించినది. లెక్క వేసి చూతము. 24,000 రూపాయల ఫోనును నెలకు 2,000 చొప్పున 12 వాయిదాలలో కొంటిమనుకొందము. బ్యాంకు వడ్డీ సంవత్సరమునకు నూటికి 15 అయినచో, అందు వడ్డీ భాగము సుమారు 1,840 రూపాయలు. ఆ వడ్డీని అమ్మకందారు తగ్గింపుగా భరించినను, దానిపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. సుమారు 330 రూపాయలు మనమీదనే పడును. బ్యాంకువారి రుసుము 199 అనుకొని, దానిపై పన్నును చేర్చిన మరి 235. అనగా వడ్డీ లేదన్న అప్పునకు సుమారు 565 రూపాయలు. ఒక వాయిదా తప్పినచో జరిమానా వేరు. రొక్కమిచ్చు శక్తి యున్నవారు “వాయిదాలు వలదు, ఆ తగ్గింపు నాకే యిత్తురా?” అని అడిగి చూడవలెను. అడిగినచో పోవునదేమియు లేదు.

వస్తువు చేతికి వచ్చినప్పుడు

సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరున కంప్యూటర్లకును, ఆబిడ్సులోని జగదీష్ మార్కెట్టున ఫోనులకును వరుసగా దుకాణములున్నవి. అట్టి చోట నాలుగు మెట్లెక్కి నాలుగు ధరలు అడుగు సౌకర్యము కలదు. వస్తువును చేతబట్టి బరువు, తెర వెలుతురు, కీబోర్డు మీట చూచుకొనవచ్చును. అయితే “బిల్లు వలదన్నచో కొంత తగ్గింతును” అను మాటకు లొంగరాదు. ఫోనులపై 2020 ఏప్రిలునుండి జి.ఎస్.టి. నూటికి 18, ఆ పన్ను మిగిలినదని సంబరపడినవారికి, మరమ్మతు వచ్చిననాడు వారంటీ అడుగుటకు చేత కాగితముండదు.

ఇంటికి తెప్పించుకొన్నచో పెట్టె తెచ్చినవానియెదుటనే విప్పించి చూచి, పిమ్మటనే ఓ.టి.పి. చెప్పవలెను. అట్టి వీలు లేనిచోట పెట్టె విప్పుటను మరియొక ఫోనుతో మొదటినుండి తుదివరకు వీడియో తీసి దాచవలెను. ఫోనులో *#06# అని నొక్కిన 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కనబడును. అది పెట్టెమీదను, బిల్లుమీదను ఉన్న సంఖ్యతో సరిపోవలెను. వాడిన ఫోను కొనునప్పుడు కె.వై.ఎం. అను మూడు ఇంగ్లీషు అక్షరములును, కొంత యెడమిచ్చి ఆ సంఖ్యయు 14422కు సందేశము పంపినచో, అది దొంగిలింపబడి నిరోధింపబడినదేమో తెలియును.

అమెరికాలోని మనవారు నవంబరు చివరి అమ్మకములలో కొని తెచ్చు ఫోనులను గూర్చియు ఒక మాట. అచ్చటి ధరలపై అమ్మకపు పన్ను తరువాత కలియును. 2022లో వచ్చిన ఐఫోను 14 మొదలుకొని అచ్చట అమ్ము ఐఫోనులలో సిమ్ము పెట్టు అరయే లేదు, ఈ-సిమ్ముతోనే పనిచేయును. వారంటీ మన దేశమున చెల్లునో లేదో అడిగి తెలిసికొనిన పిమ్మటనే తెప్పించుకొనవలెను.

పాతదాని సంగతి

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. పాత ఫోనును మార్పిడికిచ్చునప్పుడు ఈ సామెత బాగుగ బోధపడును. ఎంత చెప్పినను, ముందుగా చేయవలసినది దాని వెల కాదు, దాని కడుపు ఖాళీ చేయుట. పిల్లల ఫోటోలు వేరుచోట దాచుకొని, బ్యాంకు యాపులను తీసివేసి, గూగులు ఖాతానుండి బయటికి వచ్చి, సిమ్మును మెమరీ కార్డును తీసి, పిమ్మట ఫ్యాక్టరీ రీసెట్టు చేయవలెను. ఉబ్బిన బ్యాటరీగల ఫోనును పిల్లల చేతికి ఆటకీయరాదు, నిప్పంటుకొను ప్రమాదమున్నది. దానిని చెత్తబుట్టలో పడవేయక, ఈ-వ్యర్థములు సేకరించుచోట ఇయ్యవలెను.

మోసము జరిగినచో

పండుగలలో “లక్కీ డ్రాలో లాప్‌టాపు గెలిచితిరి” అని వచ్చు లింకులను ముట్టరాదు. యు.పి.ఐ.లో డబ్బు పుచ్చుకొనుటకు పిన్ను నొక్కవలసిన పని లేదు. పిన్ను నొక్కుమన్న డబ్బు పోవుచున్నదనియే అర్థము. పొరబాటున సొమ్ము పోయినచో ఇంట తిట్టుదురని దాచుకొనక, తక్షణము 1930కి ఫోను చేయవలెను. ఎంత ముందు చెప్పిన అంత ప్రయోజనము. వస్తువు చెడ్డదై అమ్మినవారు పలుకకున్నచో 1915 జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమున్నది. 2019 చట్టము ప్రకారము మనము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. వస్తువునకు చెల్లించినది 5 లక్షల లోపైనచో ఫిర్యాదు రుసుము లేదు.

సోదరీమణులారా! ఈ సంగతులలో ఇంజనీరింగు చదివిననే గాని తెలియనిదేదియు లేదు. వెల వ్రాసికొనుట, లెక్క వేయుట, కాగితము చదువుట, వస్తువు పరీక్షించుట – ఇవన్నియు మనము నిత్యము చేయు పనులే. ఈసారి ఇంట కొనుగోలు మాట వచ్చినప్పుడు మీ పుస్తకము తీసికొని ఆ మాటలో పాలుపంచుకొనుడు. ఎవరికి క్రొత్తది అవసరమను విచారణలో మీ పేరును కూడ చేర్చుడు. ఇంటి సొమ్ము నడచునది మీ ఫోనులోనైనచో, సురక్షితమైన ఫోను ముందుగా మీకే కావలెనని చెప్పుటకు సంకోచింపకుడు.