మొదటి దెబ్బ కొట్టని గురువు

కరాటే అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది సినిమా. ఒక్కడే పదిమందిని పడగొట్టడం, అరచేత్తో పెంకులు పగలగొట్టడం. ఇప్పుడు పట్టణాలలోనే కాదు, మండల కేంద్రాలలో కూడా కరాటే నేర్పేవారు ఉన్నారు. తెల్లని దుస్తులు వేసుకొని, నడుముకు రంగుల పట్టీ కట్టుకొని పిల్లలు వెళ్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. అయినా ఇంట్లో పెద్దలకు లోలోపల ఒక బెంగ. చేతికి బలం వచ్చాక వీడు ఊరుకుంటాడా? వీధిలో ఎవరినో కొట్టి తగవు ఇంటికి తెస్తాడేమో!

ప్రియ పాఠకులారా, ఈ బెంగ న్యాయమైనదే. కరాటేను జపాను దేశమంతటికీ పరిచయం చేసిన గురువు గిచిన్ ఫునకోషి జీవితాన్ని చూస్తే దీనికి మంచి జవాబు దొరుకుతుంది.

బ్రతకడనుకున్న బిడ్డ

ఫునకోషి 1868లో ఓకినావా దీవిలోని షూరి పట్టణంలో పుట్టారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. ఎక్కువ కాలం బ్రతకడని అందరూ అనుకున్నారు. బడిలో ఆయన తోటి విద్యార్థి ఒకరి తండ్రి అజాటో అనే పేరుగల కరాటే గురువు. ఆ ఇంటికి రాకపోకలు సాగించడంతో ఫునకోషి సాధన మొదలైంది. కొంతకాలానికి ఆరోగ్యం కుదుటపడింది. ఈ విద్యకు తాను ఋణపడి ఉన్నానని అప్పుడే ఆయనకు అనిపించింది.

ఆయన వైద్యం చదవాలనుకున్నారు. ప్రవేశ పరీక్షలో నెగ్గారు కూడా. అయితే పాతకాలపు జుట్టుముడి ఉన్నవారికి ఆ పాఠశాలలో చోటు లేదు. ముడి తీయించడానికి ఇంటి పెద్దలు ఒప్పుకోలేదు. ఆ ఆశ అక్కడితో ఆగిపోయింది. 1888లో ఆయన బడిపంతులుగా చేరారు. ఆ ఉద్యోగం కోసం చివరకు ముడి తీయించుకోక తప్పలేదు. అది చూసి తల్లిదండ్రులు ఎంతో దుఃఖపడ్డారు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన పిల్లలకు పాఠాలు చెప్పారు.

రాత్రుల సాధన

ఆ రోజుల్లో ఓకినావాలో కరాటేను బాహాటంగా నేర్పేవారు కాదు. పగలు బడి, రాత్రి సాధన. చంద్రుడు లేని రాత్రులలో చేత లాంతరు పట్టుకొని గురువుగారి ఇంటికి నడిచి వెళ్లేవారు. తెల్లవారుజామున తిరిగి వస్తుంటే ఇరుగుపొరుగు గుసగుసలాడుకున్నారు. ఈ పంతులు చెడు తిరుగుళ్లు తిరుగుతున్నాడనుకున్నారు.

గురువు అజాటో వసారాలో కూర్చొని చూసేవారు. శిష్యుడు పెరట్లో కటా చేసేవాడు. కటా అంటే దెబ్బలు, అడ్డుకోవడాలు, అడుగులు ఒక వరుసలో కూర్చిన అభ్యాసం. చేసిందే మళ్లీ చేయాలి. నెలల తరబడి అదే. ఇంకోసారి అనడమే తప్ప గురువు నోట మెచ్చుకోలు వచ్చేది కాదు. టెక్కి అనే పేరుగల మూడు కటాలకే ఫునకోషికి పదేళ్లు పట్టింది! మూడు నెలలకొక పట్టీ కావాలని తొందరపడే మనం ఈ పదేళ్లను గుర్తు పెట్టుకోవాలి.

ఇంట్లో భార్య పడిన కష్టం కూడా తక్కువది కాదు. పంతులు జీతంతో పెద్ద సంసారం గడవదు. ఆమె బిడ్డను వీపున కట్టుకొని పొలానికి వెళ్లి కూరగాయలు పండించింది. బట్ట నేసింది. భర్త సాధనకు ఏనాడూ అడ్డు చెప్పలేదు. తానూ కొంత నేర్చుకుంది. ఇరుగుపొరుగు తగవులు వస్తే మధ్యలో నిలబడి రాజీ చేసేది.

తినుబండారాల మూట

ఫునకోషి వృద్ధాప్యంలో తన జీవితకథ రాసుకున్నారు. అందులో ఒక సంగతి ఉంది. ఒక సాయంకాలం అత్తవారింటికి వెళ్తున్నారు. అక్కడ పెద్దల పీఠం ముందు పెట్టడానికి తీపి రొట్టెలు మూటకట్టి తీసుకెళ్తున్నారు. దారిలో ఇద్దరు దుండగులు అడ్డగించారు. హేళన చేశారు, కొట్టబోయారు. అప్పటికే ఆయన చేతికి ఎంతో సాధన ఉంది. అయినా మూట వారికే ఇచ్చి తన దారిన తాను వెళ్లిపోయారు.

తరువాత ఈ మాట గురువులతో చెప్పారు. ఆయన రెండవ గురువు ఇతోసు ఎంతో సంతోషించారు. తాను నేర్పింది వృథా కాలేదని ఇప్పుడు తెలిసిందన్నారు. చూడండి, అన్నేళ్లలో అరుదుగా దొరికిన మెచ్చుకోలు కొట్టినందుకు రాలేదు, కొట్టకుండా వచ్చినందుకు వచ్చింది.

చీపురు పట్టిన చేయి

1922లో టోక్యోలో ప్రభుత్వం వారి వ్యాయామ ప్రదర్శన జరిగింది. కరాటే చూపించడానికి ఫునకోషిని పంపారు. అప్పటికి ఆయన వయస్సు 53. కొద్ది రోజుల్లో తిరిగి వెళ్లాలనుకున్నారు. జూడో స్థాపకుడు జిగోరో కానో తన శిక్షణశాలలో కరాటే చూపించమని కోరారు. మరికొందరు నేర్పమని అడిగారు. అలా ఆయన అక్కడే ఉండిపోయారు.

చేతిలో డబ్బు లేదు. ఓకినావా విద్యార్థుల వసతిగృహంలో ఒక చిన్న గది దొరికింది. అందుకు బదులుగా తోట ఊడ్చారు, గదులు శుభ్రం చేశారు, కాపలా కాశారు. వంటవానికి కరాటే నేర్పి భోజనం ఖర్చులో కొంత తగ్గించుకున్నారు. ఒకరోజు ఆయన ఊడుస్తుండగా పత్రికా విలేఖరి వచ్చి, కరాటే గురువు ఎక్కడని అడిగాడు. ఇప్పుడే పిలుస్తానని లోపలికి వెళ్లి, బట్టలు మార్చుకొని వచ్చి, ఫునకోషిని నేనేనన్నారు. 1923లో భూకంపం టోక్యోను కూల్చివేసినప్పుడు కొంతకాలం ఒక బ్యాంకులో స్టెన్సిళ్లు కోసి పొట్టపోసుకున్నారు. చిన్నపని చేయడానికి ఆయన ఎన్నడూ సిగ్గుపడలేదు.

1924లో కేయో విశ్వవిద్యాలయంలో కరాటే సంఘం ఏర్పడింది. తరువాత మరికొన్ని విశ్వవిద్యాలయాలలోనూ వెలిసింది. కరాటే అన్న మాటకు మొదట చైనా చేయి అని అర్థం వచ్చే అక్షరాలు రాసేవారు. ఖాళీ చేయి అని అర్థం వచ్చే అక్షరాలను ఫునకోషి స్థిరపరచారు. చేతిలో ఆయుధం లేకపోవడం ఒక అర్థం. మనస్సులో స్వార్థం, దురాలోచన లేకపోవడం మరొకటి.

మిగిలినది

శిష్యులు చందాలు పోగుచేసి ఆయనకు షోటోకాన్ అనే శిక్షణశాల కట్టించారు. 1945లో విమానదాడిలో అది కాలిపోయింది. అదే సంవత్సరం ఆయన కొడుకు, తనకు కుడిభుజంగా నేర్పిన గిగో చనిపోయాడు. ఓకినావా యుద్ధంలో నాశనమైంది. ఎన్నో ఏళ్లు దూరంగా ఉన్న భార్య అక్కడి నుండి క్యూషూ దీవికి చేరగా, ఆయన వెళ్లి కలిసారు. 1947లో ఆమె కన్నుమూసింది. ఆయన తిరిగి టోక్యో వెళ్లి మళ్లీ నేర్పారు. 1957 ఏప్రిల్‌లో 88 ఏళ్ల వయస్సులో మరణించారు.

విచారకరమైన సంగతి ఏమంటే, ఆయన అంత్యక్రియలు ఎవరు జరపాలన్న విషయంలోనే శిష్యులు రెండుగా చీలిపోయారు. కటా సాధనకే పెద్దపీట వేసి, పోటీలను ఇష్టపడని ఆయన కన్నుమూసిన ఆ ఏడాదే దేశవ్యాప్త పోటీలు మొదలయ్యాయి. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో కరాటేకు చోటు దొరికింది. చేతులకు నేర్పడం సులువు, మనస్సుకు నేర్పడం కష్టం. గురువు గొప్పవాడైనంత మాత్రాన ఆ పని తానుగా జరిగిపోదు.

కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదన్నది ఆయన ముఖ్యమైన నియమం. కామకురా పట్టణంలో 1968లో నెలకొల్పిన ఆయన స్మారకశిలపై చెక్కినది కూడా అదే.

తల్లిదండ్రులారా, బిడ్డను కరాటేకు పంపితే పంపండి. నేర్పేవారి దగ్గర ఎన్ని పతకాలున్నాయో తరువాత చూడవచ్చు. తన శిష్యుడు బయట ఎవరినైనా కొట్టివస్తే ఆయన ఏమంటారో ముందు అడగండి. నేల ఊడ్వడం కూడా నేర్పుతారేమో చూడండి. అన్నిటికంటే ముందు మన ఇంటివైపు చూసుకుందాం. కోపం వచ్చినప్పుడు భార్యమీద, పిల్లలమీద లేచే చేయి ఎవరిది? పిల్లవాడు మొదట చూసేది ఆ చేతినే. వారానికి రెండు గంటలు నేర్పే గురువుకంటే, రోజూ కళ్లెదుట ఉండే తండ్రి వానికి పెద్ద గురువు. బలముండీ చేయి దించుకున్న తండ్రిని చూసి పెరిగిన కొడుకు, నేర్చిన విద్యతో ఎవరినో కొట్టివస్తాడన్న బెంగ ఆ ఇంట్లో ఉండదు.