వాల్వ్ స్ప్రింగ్ పట్టు సడలితే ఇంజిన్‌లో ఏం జరుగుతుంది?

ఉదయం షిఫ్టు వేళకు గమ్హరియా, ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడల దారిలో నిలబడితే మోటార్‌సైకిళ్లు బారులు తీరి కనిపిస్తాయి. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న ఈ ప్రాంతంలో ఎందరికో ఉక్కు, వాహన విడిభాగాల పరిశ్రమలే జీవనాధారం. ఆ బండ్లలో కొన్ని టకటకమని చప్పుడు చేస్తాయి, మరికొన్ని మెత్తగా సాగిపోతాయి. చప్పుడు చేసే ఇంజిన్ అరిగిపోయిందనీ, చేయనిది బాగుందనీ మనం అనుకుంటాం. వాల్వుల విషయంలో ఈ అంచనా ఒక్కోసారి తలకిందులవుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు వాల్వ్ స్ప్రింగ్ చేసే పని తెలుసుకోవాలి.

సీటు ప్రెషర్ అంటే...

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో గాలి, పెట్రోల్ మిశ్రమం లోపలికి రావడానికి ఒక వాల్వ్, పొగ బయటికి పోవడానికి మరొక వాల్వ్ ఉంటాయి. వాటిని తెరిచేది కామ్‌షాఫ్ట్, మూసేది స్ప్రింగ్. మూసుకున్న వాల్వ్ అంచు ఆనే లోహపు వలయమే 'సీటు'. వాల్వ్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగ్ దాన్ని సీటుకు అదిమిపట్టే బలాన్ని మెకానిక్‌లు 'సీటు ప్రెషర్' అంటారు. పేరుకు ప్రెషరే కానీ నిజానికి అది బలం.

మిశ్రమం మండేటప్పుడు వాయువుల ఒత్తిడే వాల్వును మూసి ఉంచుతుంది. మిగతా సమయాల్లో ఆ భారం స్ప్రింగ్‌దే. ఎగ్జాస్ట్ వాల్వుకు ఇది మరీ ముఖ్యం. మండే వాయువుల నుంచి అది గ్రహించే వేడిలో పెద్ద భాగం సీటును తాకినప్పుడే హెడ్‌లోకి పోతుంది. సరిగా ఆనకపోతే వాల్వ్ చల్లబడదు, క్రమంగా దాని అంచు కాలిపోతుంది.

అర మిల్లీమీటరు లెక్క

స్ప్రింగును ఎంత నొక్కితే అంత బలంతో అది తిరిగి నెడుతుందనే సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో వివరించాడు. దాన్నే ఇక్కడ ఉదాహరణగా వాడుకుందాం. ఒక స్ప్రింగును 1 మి.మీ. నొక్కడానికి 20 న్యూటన్ల బలం కావాలనుకుందాం. విడిగా దాని పొడవు 40 మి.మీ., ఇంజిన్‌లో బిగించాక 34 మి.మీ. అంటే 6 మి.మీ. నొక్కుకుంది కాబట్టి సీటు ప్రెషర్ 120 న్యూటన్లు. సుమారు 12 కిలోల బరువు పెట్టినంత.

ఇప్పుడు సీటు అరిగిందనో, కాలిందనో హెడ్ విప్పి సీటునూ వాల్వ్ అంచునూ అర మిల్లీమీటరు మేర గ్రైండింగ్ చేశారు. వాల్వ్ ఆ మేరకు హెడ్‌లోకి దిగుతుంది, దాని కాడ స్ప్రింగ్ వైపు పైకి వస్తుంది. స్ప్రింగుకు చోటు 34.5 మి.మీ. అవుతుంది. బలం 110 న్యూటన్లకు తగ్గుతుంది. ఏళ్ల తరబడి వేడిలో పనిచేసిన ఆ స్ప్రింగ్ విడి పొడవు కూడా 1 మి.మీ. తగ్గి ఉంటే మిగిలేది 90 న్యూటన్లే. కంటికి ఆనని రెండు చిన్న మార్పులు కలిసి నాలుగో వంతు పట్టును తీసేశాయి.

వేగం పెరిగితే

క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే వాల్వ్ ఒకసారి తెరుచుకుంటుంది. నిమిషానికి 5,000 చుట్ల వేగంతో గంటసేపు నడిపితే ఒక్కో వాల్వ్ 1,50,000 సార్లు సీటు మీద వాలుతుంది. ఇంజిన్ వేగం రెట్టింపైతే వాల్వును అదుపులో ఉంచడానికి కావలసిన బలం నాలుగింతలవుతుంది. స్ప్రింగ్ బలహీనమైతే వాల్వ్ కామ్‌ను అనుసరించలేక గాలిలో తేలుతుంది, సీటు మీద పడి ఎగురుతుంది. పికప్ తగ్గుతుంది, సీటు దెబ్బతింటుంది.

అలాగని గట్టి స్ప్రింగ్ వేస్తే సరిపోతుందా? అదనపు బలం కామ్, రాకర్ ఆర్మ్‌ల మధ్య నూనె పొరను పలచన చేసి వాటిని అరగదీస్తుంది. వాల్వ్ మూసుకోవడానికి స్ప్రింగ్ మీద ఆధారపడని డెస్మోడ్రోమిక్ పద్ధతిని ఇటలీకి చెందిన డుకాటి 1956లో తన రేసింగ్ బండిలో వాడింది. అక్కడ మూసే పని కూడా కామ్‌దే. నిత్యం నడిపే బండ్లకు మాత్రం సరైన కొలతలో ఉన్న స్ప్రింగే సులువైన మార్గం.

నిశ్శబ్దం వెనుక ముప్పు

రాకర్ ఆర్మ్‌కూ వాల్వ్ కాడకూ మధ్య వదిలే సన్నని సందును టాపెట్ గ్యాప్ అంటారు. చాలా చిన్న బండ్లలో అది ఇంచుమించు తల వెంట్రుక మందమే. కామ్, రాకర్ అరిగితే గ్యాప్ పెరిగి టకటక వినిపిస్తుంది. సీటు అరిగితే వాల్వ్ కాడ పైకి వచ్చి గ్యాప్ తగ్గుతుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. గ్యాప్ పూర్తిగా పోతే రాకర్ ఆర్మ్ వాల్వును కాస్త తెరిచే ఉంచుతుంది. అప్పుడు స్ప్రింగ్ ఎంత కొత్తదైనా వాల్వ్ సీటును చేరదు. కంప్రెషన్ పడిపోతుంది, వాల్వ్ కాలిపోతుంది.

ఒకప్పుడు పెట్రోల్‌లోని సీసం సమ్మేళనాలు సీటు మీద పొరలా ఏర్పడి అరుగుదలను తగ్గించేవి. ఆరోగ్యానికి హానికరమైన ఆ పెట్రోల్‌ను దేశమంతటా 2000లో ఆపేశారు. ఆధునిక ఇంజిన్లలో గట్టి మిశ్రమ లోహాల సీట్లు ఆ లోటు తీరుస్తున్నాయి.

మన్నిక ఉక్కులోనే

వాల్వ్ స్ప్రింగులకు తరచూ వాడేది క్రోమియం, సిలికాన్ కలిపిన ఉక్కు తీగ. వేడిలో పట్టు సడలకుండా సిలికాన్ తోడ్పడుతుంది. తీగ పైన సన్నని గీత, లోపల చిక్కుకున్న ఆక్సైడు రేణువు చాలు, అక్కడ పగులు మొదలై కోట్ల ఊపుల తర్వాత స్ప్రింగ్ తెగవచ్చు. దీన్నే లోహపు అలసట అంటారు. అందుకే ఉక్కును వీలైనంత శుద్ధంగా తయారుచేస్తారు. స్ప్రింగ్ మీద సన్నని ఉక్కు గుళ్లను వేగంగా కొట్టి, పైపొర సంపీడనంలో ఉండేలా చేస్తారు. అలాంటి పొరలో పగులు సులభంగా తెరుచుకోదు.

వాహన పరిశ్రమకు కావలసిన మిశ్రమ లోహ ఉక్కు కడ్డీలు, తీగకడ్డీలు తయారుచేసే కర్మాగారం గమ్హరియాలోనే ఉంది. ఉషా మార్టిన్ నుంచి అది 2019లో టాటా స్టీల్ సంస్థల చేతికి వచ్చింది. లోహాల అలసట వంటి అంశాలపై పరిశోధించే జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల 1950 నుంచి జంషెడ్‌పూర్‌లో పనిచేస్తోంది.

మనం చేయగలిగింది

కంపెనీ పుస్తకంలో చెప్పిన దూరానికి ఒకసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఫీలర్ గేజ్‌తో టాపెట్ గ్యాప్ చూపించాలి. చప్పుడు లేదు కదా అని వదిలేయకూడదు. హెడ్ విప్పితే స్ప్రింగ్ విడి పొడవును, బిగించిన ఎత్తును కొలవమనాలి. పొడవు తగ్గితే స్ప్రింగ్ మార్చాలి. ఎత్తు పెరిగితే స్ప్రింగ్ కింద సరైన మందం షిమ్ వేయాలి. షిమ్‌లు ఎక్కువైతే వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకుని కామ్ దెబ్బతింటుంది కాబట్టి ఆ జాగా కూడా చూడాలి. పదినిమిషాల కొలత ఒక హెడ్ ఖర్చును తప్పిస్తుంది.